ముందు మీ ఫోన్ వాళ్లకివ్వండి

ప్రశ్న: నేను హన్మకొండలో ఒక 150 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని. ఉగాదికి రిటైర్ అవుతాను, ఇంకా ఎనిమిది నెలలుంది. నా తర్వాత డిపార్ట్‌మెంట్ చూసుకోవడానికి మేనేజ్‌మెంట్ ఇద్దరిని మేనేజర్లుగా వేసింది. ఒకాయన మా దగ్గరే 14 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా, ఫోర్‌మన్‌గా చేశాడు. పనిమంతుడే గానీ మేనేజర్ అయ్యాక కూడా నిచ్చెన ఎక్కడం మానడు. రెండో అబ్బాయి బీటెక్ చేసి కొత్తగా వచ్చాడు, పొద్దంతా ఎక్సెల్ షీట్ల ముందే ఉంటాడు. పాత ప్లంబర్లు "పిల్లగాడు మాకేం చెప్తడు" అంటున్నారు. ఎలక్ట్రికల్ ఒకరికి, ప్లంబింగ్, సివిల్ ఒకరికి పంచేస్తే సరిపోతుందా? హైదరాబాద్ పంపి ఏదైనా కోర్సు చేయించాలా? రాత్రి రెండింటికి కూడా నాకు ఫోన్లు ఆగవు. నడుముకు తాళాల గుత్తి, చేతిలో ఫోన్, ఇట్లనే గడుస్తోంది. నేను వెళ్లిపోయాక ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ఇద్దరి మీద మీరు చెప్పిన ఫిర్యాదులు పెద్దవేమీ కావు. నాకు పట్టుకున్నది ఆ రాత్రి రెండింటి ఫోన్. కొత్త మేనేజర్లు ఇద్దరుండగా వార్డు సిస్టర్ మీకు చేస్తోంది, మీరు ఎత్తుతున్నారు, ఎత్తగానే ఏం చేయాలో చెప్పేస్తున్నారు. ఇక వాళ్లు నేర్చుకునేదెప్పుడు? ఇందులో మిమ్మల్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్లు నేనూ అదే చేశాను, అదేదో గొప్ప అనుకున్నాను కూడా.

అందుకే కోర్సుల కన్నా ముందు డిపార్ట్‌మెంట్ పేరు మీద ఒక సిమ్ తీసుకోండి. ఐసీయూ, క్యాజువాలిటీ, ఓటీ, ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో మీ నంబర్ రాసిన చీటీ తీసేసి ఈ నంబర్ అంటించండి. ఒక వారం ఫోర్‌మన్ దగ్గర, ఒక వారం ఆ అబ్బాయి దగ్గర ఆ ఫోన్ ఉండాలి. ఆక్సిజన్, ఐసీయూ కరెంటు, మంటలు, లిఫ్టులో మనిషి ఇరుక్కోవడం, ఈ నాలుగింటికి మాత్రం వాళ్లు పని మొదలుపెడుతూనే మీకూ చెప్పాలి. మిగతా వాటికి మీకు ఫోన్ చేస్తే "నువ్వేం చేద్దామనుకుంటున్నవ్?" అని అడిగి ఊరుకోండి. మొదటి నెల అవతల చాలాసేపు నిశ్శబ్దం ఉంటుంది. మీకు నోరు దురద పెడుతుంది. ఓర్చుకోండి.

తెలిసింది ఒక్కడి తలలోనే ఉంటే ఎట్లుంటుందో నాకు ఒక జాతర ముందు రాత్రి అర్థమైంది. నేను అప్పట్లో పనిచేసిన చోట మూడో అంతస్తు డక్టులో నీళ్ల పైపు పగిలింది. డ్యూటీలో ఉన్న కుర్రవాడు అప్పుడే చేరాడు. ఆ లైన్ వాల్వ్ ఎక్కడుందో తెలిసింది మా పాత ప్లంబర్ ఒక్కడికే. ఆయన ఇంటిల్లిపాదినీ తీసుకుని మేడారం పోయాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతర, సెలవు నేనే ఇచ్చాను. ఫోన్ చేస్తే కలవదు, ఆ జనంలో సిగ్నల్ ఎక్కడిది? నీళ్లు మెట్ల మీదుగా రెండో అంతస్తుకు, అక్కడి నుంచి ల్యాబ్‌లోకి దిగుతున్నాయి. చివరికి టెర్రస్ మీద మెయిన్ కట్టేశాం. అంటే బిల్డింగ్ మొత్తానికి నీళ్లు బంద్. తెల్లారి పదకొండింటికి ఆయన దొరికి నింపాదిగా చెప్పాడు, "స్టోర్ రూం పక్కన తెల్ల టైల్ ఉంటది సార్, దాన్ని తడితే డొల్ల సప్పుడొస్తది, దాని కింద." టైల్స్ వేసిన మేస్త్రి వాల్వును కప్పేశాడట. అది కప్పి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా రోజూ ఆ టైల్ మీద నుంచే నడిచాను.

మీ బీటెక్ అబ్బాయికి మొదటి పని ఇదే ఇవ్వండి. ఎక్సెల్ ఎట్లాగూ ఇష్టమంటున్నారు కదా. పాత ప్లంబర్‌ను వెంటబెట్టుకుని, సంపు నుంచి టెర్రస్ దాకా ప్రతి వాల్వుకూ ఒక నంబర్ వేయాలి. ఒక రేకు బిళ్ల మీద ఆ నంబర్ కొట్టి తీగతో వాల్వుకు కట్టాలి. అది కడితే ఏ గదులకు నీళ్లు ఆగుతాయో కట్టి చూసి రాయాలి, అడిగి కాదు. చాలాకాలం తిప్పని గేట్ వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతంగా తిప్పితే స్పిండిల్ విరుగుతుంది. ఆ సంగతి ప్లంబర్ చెప్పకుండానే అబ్బాయి చేతికి తెలుస్తుంది. నెల పడుతుంది, పట్టనివ్వండి. ఈ నెలలోనే "పిల్లగాడు ఏం చెప్తడు" అనే మాట కూడా సగం తగ్గుతుంది. ఎందుకంటే చెప్పేది ప్లంబర్, రాసుకునేది పిల్లగాడు. పెద్దవాళ్లను "అన్నా, ఇదెటు పోతది?" అని అడిగే మేనేజర్‌ను మన దగ్గర ఎవరూ చిన్నచూపు చూడరు. అడగకుండా వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు వేసేవాడితోనే పేచీ.

మన ఊళ్లలో చెరువుకు నీరటికాడు ఉండేవాడు. ఏ తూము ఎంత ఎత్తితే ఏ పొలానికి నీళ్లు, కట్ట మీద ఎక్కడ చెమ్మ ఊరుతోంది, అన్నీ ఆయనకు తెలుసు. ఎట్లా అంటే రోజూ కట్ట మీద నడిచేవాడు గనుక. రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల కాలంలో తవ్వినవి, ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి. కట్టిన రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. నీరటి పేరు ఎక్కడా ఉండదు. మన డిపార్ట్‌మెంట్ పరిస్థితీ అదే కాబట్టి నాకు ఆయన మీద కొంచెం పక్షపాతం.

నడక సంగతి వచ్చింది కాబట్టి రౌండ్స్ గురించి చెప్తాను. రోజూ పొద్దున ఏడింటికి ఇద్దరినీ వెంట తీసుకుని నడవండి. మొదటి పదిహేను రోజులు మీరేమీ చెప్పొద్దు, అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి "బ్రీదర్‌లో సిలికా జెల్ రంగేంటి?" అనండి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి పోయే గాలిలోని చెమ్మను పీల్చే గుళికలవి. నీలంగా ఉండాల్సింది గులాబీకి తిరిగితే చెమ్మ పట్టిందని అర్థం. ఇది ఫోర్‌మన్‌కు తెలుసు, అబ్బాయికి తెలియదు. ఫైర్ పంపుల గదిలో సెలెక్టర్ స్విచ్ చూపించి అది ఆటోలో ఉందా మాన్యువల్‌లో ఉందా అని అడగండి. ఇది చాలాచోట్ల ఇద్దరికీ తెలియదు. లైన్‌లో ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు పది నిమిషాలకోసారి తిరుగుతోందంటే ఎక్కడో లీకేజీ ఉంది. ఆ మోత పడలేక ఎవడో ఒక రాత్రి దాన్ని మాన్యువల్‌కు తిప్పేస్తాడు, అప్పుడు ప్రెషర్ పడిపోయి మెయిన్ పంపు లేస్తుంది, దాన్నీ తిప్పేస్తాడు. మోత ఆగుతుంది, అందరూ హాయిగా నిద్రపోతారు. నిజంగా మంటలొచ్చిన రోజు పంపు తనంతట తాను లేవదు.

ఎలక్ట్రికల్ ఒకరికి, ప్లంబింగ్ ఒకరికి అన్నారు. వద్దు. పైకప్పు నుంచి కారే నీళ్లు ప్యానెల్ బోర్డు మీద పడుతుంటే అది ఎవరి పని? ఇద్దరూ రెండోవాడిది అంటారు, ఇద్దరి మాటా న్యాయమే అవుతుంది. బిల్డింగ్ ప్రకారం పంచండి. ఓపీ బ్లాకు ఒకరికి, వార్డుల బ్లాకు ఒకరికి. కరెంటు, నీళ్లు, ఏసీ, లిఫ్టు, కారిడార్‌లో ఊడిన టైల్, అన్నీ వాళ్లవే. మూడు నెలలకు బ్లాకులు మార్చండి. మారిన రోజు ఒకడు చేసిన పని ఇంకొకడు తనిఖీ చేస్తాడు, మీరు చేసే తనిఖీ కన్నా అది కటువుగా ఉంటుంది. ఫోర్‌మన్‌కు ప్లంబింగ్ రాదని భయపడకండి. పని తెలిసిన మనుషులు కింద ఉన్నారు. ఏం అడగాలో ఆయనకు తెలిస్తే చాలు.

ఇక లాగ్ బుక్కు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఒక ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి ఫీడర్ పోయింది. జనరేటర్ లేవలేదు. ఐసీయూకు యూపీఎస్ ఉంది గానీ అదెంతసేపు? డ్రైవర్లను పిలిచి రెండు అంబులెన్సుల బ్యాటరీలు విప్పించి తెచ్చి కడితే ఇంజిన్ అందుకుంది. ఆ పావుగంట నా చొక్కా తడిసిపోయింది. మరునాడు లాగ్ బుక్కు తెరిచాను. ప్రతి శనివారం టెస్ట్ రన్, బ్యాటరీ ఓకే, డీజిల్ ఓకే, ఆయిల్ ఓకే. ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఆరు వారాల ఓకేలు. లేచి జనరేటర్ దగ్గరికి పోయి అవర్ మీటర్ చూశాను. రెండు నెలల కింద సర్వీసు చేసిన కంపెనీవాళ్లు స్టిక్కర్ మీద రాసి పోయిన గంటలకు, ఆ రోజు మీటర్‌లో ఉన్న గంటలకు తేడా అరగంట లేదు. అదీ ముందురోజు సాయంత్రం తిరిగిందే. అంటే ఆరు శనివారాల్లో ఒక్కసారి కూడా ఇంజిన్ స్టార్ట్ చేయలేదు.

రాసిన కుర్రవాణ్ణి తిట్టాను. తర్వాత ఆలోచిస్తే ఆ రిజిస్టర్‌లో గడులు గీసింది నేను. ఓకే అని రాయగలిగే గడి ఇస్తే ఓకే అనే రాస్తారు. అప్పటి నుంచి అంకె తప్ప ఏదీ రాయలేని గడులు గీయించాను. అవర్ మీటర్ రీడింగ్ మొదలుపెట్టేముందు, ఆపాక. డీజిల్ కర్ర మీద ఎన్ని సెంటీమీటర్లు. బ్యాటరీ వోల్టేజీ ఊరికే ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత. ఈ రెండోదే ముఖ్యం. 24 వోల్టుల సెట్టు పాడైపోయి కూడా ఊరికే ఉన్నప్పుడు 25 చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే బొక్కబోర్లా పడుతుంది. ఆ మేనేజర్లిద్దరికీ రిజిస్టర్ నింపడం నేర్పొద్దు, అది హెల్పర్లు చేస్తారు. రిజిస్టర్‌లో అబద్ధం ఎక్కడుందో పట్టడం నేర్పండి. వారానికో రిజిస్టర్ వాళ్ల ముందు పెట్టి "ఇందులో ఏది నమ్మబుద్ధి కావడం లేదు?" అని అడగండి. నెలకోసారి ఐసీయూ, ఓటీ వాళ్లకు ముందే చెప్పి, నిజంగా మెయిన్స్ తీసి లోడ్ మీద జనరేటర్ నడపాలి. ఖాళీగా పావుగంట తిప్పితే అది లోడ్ మోస్తుందో లేదో తెలియదు.

నిచ్చెన ఎక్కే ఫోర్‌మన్ మీద మీకు కోపం ఉన్నట్టుంది. నాకు జాలి వేసింది. పద్నాలుగేళ్లు ఆయనకు మర్యాద దొరికింది నిచ్చెన మీదే. కుర్చీలో కూర్చుంటే పని చేయనట్టు సిగ్గుగా ఉంటుంది. నిన్నటిదాకా ఒకే బండి దగ్గర చాయ్ తాగిన వాళ్లకు ఈ రోజు పని చెప్పాలంటే నోరు రాదు, దాని కన్నా తానే ఎక్కి చేసేయడం తేలిక. ఎక్కొద్దు అని చెప్తే మానడు. చేతులు పెట్టకుండా చేయాల్సిన పని ఒకటి ఆయన మీద పెట్టండి. ఎల్‌సీ ఆయనదే చేయండి.

ఎల్‌సీ అంటే మన దగ్గర రైతుకు కూడా తెలుసు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. అది తీసుకోకపోవడం వల్లో, మధ్యలో ఎవరో సరఫరా ఇవ్వడం వల్లో పోయిన ప్రాణాల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. బిల్డింగ్ లోపల మాత్రం అది మనకు గుర్తుండదు. ఏసీ మెకానిక్ టెర్రస్ మీద ఉంటాడు, కింద ఎవరో ట్రిప్ అయిందనుకుని ఎంసీబీ ఎత్తుతారు. అందుకని ప్యానెల్, పంపు, లిఫ్టు, ఏసీ, దేని మీద పని జరిగినా ఫోర్‌మన్ సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆఫ్ చేసిన స్విచ్‌కు తాళం, ఆ తాళంచెవి పనిచేసేవాడి జేబులో, "మనిషి పని చేస్తున్నాడు" అని బోర్డు. పని అయ్యాక కాగితం వెనక్కి తెచ్చిన వాడి ముందే తాళం తీయాలి. రోజుకు ఐదారు కాగితాలు రాస్తూ నిచ్చెన ఎక్కడానికి ఆయనకు తీరిక ఉండదు. పైగా కరెంటు విషయంలో ఆయన మాట ఎవరూ కాదనరు, ఆ పరువు ఇక్కడ పనికొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మీరు అడిగి ఊరుకోవద్దు, చెప్పి తీరాలి. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దించకూడదు. "అయిదు నిమిషాల పని సార్, మా మనిషి దిగుతడు" అని కాంట్రాక్టర్ అంటాడు. రక్షణ పరికరాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, లోపలి గ్యాసు ఎక్కువగా ఉంటే వాసన కూడా తెలియనివ్వదు. పడిపోయిన వాణ్ణి లాగడానికి దిగినవాడూ పోతాడు. మిషన్ బండి పిలవాలి, అది రేపు వస్తానంటే రేపటిదాకా ఆగాలి. "ఆపండి" అనే అధికారం వాళ్లకుందని, అన్నందుకు మీరు వెనక నిలబడతారని ఇద్దరికీ ఎండీ ముందే చెప్పించండి. చాలాకాలం మూసి ఉన్న నీళ్ల సంపుకూ ఇదే జాగ్రత్త. గాలి ఆడేలా చేయకుండా కడగడానికి దిగకూడదు.

వానల గురించి. 2023 జులై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మన దగ్గర కాలనీలకు కాలనీలు మునిగాయి. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులోనూ అంతే. మీ ఉత్తరంలో సెల్లార్ గురించి లేదు గానీ, ఉంటే ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లి ఒకటే అడగండి, "నీళ్లు తోడే పంపుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?" చాలాచోట్ల ఆ సెల్లార్ ప్యానెల్ నుంచే వస్తుంది. ప్యానెల్ మునిగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ప్యానెల్ ఇంకా మునుగుతుంది. నీళ్లు ఎంత ఎత్తుకు వస్తే మెయిన్ తీసేయాలో గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీయించండి. ఆ రాత్రి నిలబడి చర్చించుకునే పని ఉండదు. నేను ఏడాది పనులన్నీ కార్తెల ప్రకారం పెట్టుకునేవాణ్ణి. రోహిణి రాకముందు ఏసీ కాయిల్స్ కడగడం, కేబుల్ జాయింట్లు వేడెక్కుతున్నాయేమో చూడడం. మృగశిర రాకముందు టెర్రస్ మీద నీళ్లు పోయే బొక్కలు, వాన పైపులు, సెల్లార్ పంపు. నెల పేర్లు చెప్తే మర్చిపోయే హెల్పర్లు కార్తె చెప్తే మర్చిపోరు. సద్దుల బతుకమ్మకు, దసరాకు ఎవరు డ్యూటీలో ఉండాలో నెల ముందే రాయించండి. ఆ రాత అబ్బాయి చేత రాయించండి. సెలవు ఇవ్వనని ఒక్కసారి చెప్పాక అతనికి మనుషుల సంగతి తెలుస్తుంది.

డబ్బు మాట్లాడడం కూడా నేర్పాలి. కరెంటు బిల్లు అకౌంట్స్‌కు పోయేముందు ఇద్దరూ చదవాలి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే మన కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ కేవీఏహెచ్ మీద బిల్లు వేస్తుంది. కేడబ్ల్యూహెచ్ అంటే నిజంగా పనికొచ్చిన కరెంటు, కేవీఏహెచ్ అంటే లైన్ నుంచి మనం లాగిన మొత్తం, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. కేడబ్ల్యూహెచ్ 50,000 ఉండి కేవీఏహెచ్ 55,000 ఉంటే పవర్ ఫ్యాక్టర్ 0.91 దగ్గర ఉంది, కెపాసిటర్లు చూడాల్సిందే. ఆ 5,000కు మీరు ఊరికే కడుతున్నారు. "కెపాసిటర్ ప్యానెల్ పాడైంది" అని ఇండెంట్ పెడితే ఎండీ టేబుల్ మీద మూడు నెలలు పడి ఉంటుంది. నెలకు ఇంత పోతోంది, బాగుచేయడానికి ఇంత, ఇన్ని నెలల్లో తిరిగొస్తుంది అని రాస్తే వారంలో సంతకం అవుతుంది. ఈ పనికి మీ ఎక్సెల్ అబ్బాయి బంగారం. ఫోర్‌మన్‌కు లెక్క చెప్పడం అతను నేర్పుతాడు, మీరు మధ్యలో దూరకండి.

కోర్సు అడిగారు. హైదరాబాద్‌లో ఎస్కీ (ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) లాంటి చోట్ల పొట్టి కోర్సులుంటాయి, మంచివే. కానీ ఆరో నెలలో పంపండి. ఇప్పుడే పంపితే ఫైల్, బ్యాగ్, గ్రూప్ ఫోటో తెచ్చుకుంటారు. ఆరు నెలలు చేతులు కాల్చుకున్నాక పోతే ప్రశ్నలు పట్టుకుని పోతారు.

సంక్రాంతి అయ్యాక ఒక వారం సెలవు పెట్టండి. నిజం సెలవు. ఊరికి పోండి, ఫోన్ ఇంట్లో ఆడవాళ్లకిచ్చి, ముందు చెప్పుకున్న ఆ నాలుగు తప్ప ఏదొచ్చినా "ఆయన లేరు" అనమనండి. ఆ వారంలో ఏదో ఒకటి తప్పుతుంది. ఏసీకి చల్లనీళ్లిచ్చే చిల్లర్ ఆగవచ్చు, కాంట్రాక్టర్ మనుషులు జీతం రాలేదని కూర్చోవచ్చు. మీరింకా కుర్చీలో ఉండగానే ఆ తప్పు జరగాలి, తిట్లు పంచుకోవడానికి మీరుంటారు. తిరిగొచ్చిన రోజు ఎవరి తప్పు అని అడగకండి. ఏం చూశారు, ఏం చేశారు, ఎన్నింటికి చేశారు, అంతే అడగండి. ఇద్దరిలో ఎవరిని పెద్ద చేయాలని మేనేజ్‌మెంట్ అడిగితే ఆ వారం అయ్యేదాకా నోరు విప్పొద్దు.

చివరగా మీ నడుముకున్న గుత్తి. ఒక ఆదివారం ముగ్గురూ కూర్చుని ఒక్కో తాళంచెవి తీసి, తాళం దగ్గరికి పోయి, తిప్పి చూసి, బిళ్ల కట్టి ఆఫీసు గోడ మీద మేకులకు వేలాడదీయండి. ఏ తాళానికీ పట్టనివి పదో పన్నెండో మిగులుతాయి. వాటిని పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచండి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత తాళంచెవి వాటిల్లోనే ఉంటుంది.